కిటికీలు లేని గదిలో రెండు కిటికీలు

పోయిన వారం మీరు నన్ను విచారణ హాలు మెట్ల మీద, చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెడుతుండగా వదిలేశారు. ఆ చెప్పులు ఎందుకు విప్పానో నాకు ఇప్పటికీ తెలియదు. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం జరిగింది రెండు ముక్కల్లో చెబుతాను.

మా బావ లిఫ్టు మెకానిక్కు. రెండు నెలల క్రితం ఆయన చూసుకునే ఆరంతస్తుల భవనంలో లిఫ్టు నాలుగో అంతస్తు నుంచి జారిపడి, బట్టలు కుట్టే ఒకావిడ చనిపోయింది. మొదటి బ్రేకు పట్టు తప్పితే ఆపడానికి పైన మోటారు గదిలో రెండో బ్రేకు ఉండాలి. అది అక్కడ లేదు. కంపెనీ దాన్ని అసలు బిగించనే లేదని బావ మొత్తుకుంటున్నాడు. మేం బిగించాం, ఆ మెకానిక్కే విప్పి పాత ఇనుముకి అమ్ముకున్నాడని కంపెనీ అంటోంది. ఆ రోజు ఉదయం విచారణలో వాళ్ళ లాయరు ఒక ఫోటో బయటికి తీశాడు. ఏడాది కిందటి భద్రతా తనిఖీ ఫైల్లోది. గోడకి వేలాడదీసే పటమంత పెద్దది చేయించి తెచ్చాడు. అందులో బ్రేకు నిక్షేపంగా ఉంది, తేదీ వేసిన తనిఖీ చీటీతో సహా. హాల్లో ఉన్నవాళ్ళంతా బావవైపు తిరిగి దొంగని చూసినట్టు చూశారు.

అది ఫోటో కాదు. కంప్యూటర్లో నేను చేసిన బొమ్మ.

భోజనాల విరామం మూడింటిదాకా ఇచ్చారు. బావని పోలీసులకి అప్పగించాలో వద్దో మూడింటికి తేలుస్తానని విచారణ జరుపుతున్న అధికారిణి చెప్పింది. అప్పటికి టైము ఒంటిగంటన్నర. అక్కకి ఒక్క ముక్క చెప్పకుండా నేను మా ఆఫీసుకి పరిగెత్తాను.

మా ఆఫీసులో తయారయ్యేవి అబద్ధాలు. కోపంలో అంటున్న మాట కాదిది, మాలో మేం సరదాగా అనుకునేదే. కట్టని ఇంటిని కట్టేసినట్టు, ఇంకా పుట్టని కుర్చీలోంచి ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు బొమ్మలు చేసి ఇస్తాం. చెట్లు మాత్రమే చేసేవాడు ఒకాయన, నీళ్ళు మాత్రమే చేసేది ఒకావిడ, వెలుగు చూసుకునేదాన్ని నేను. పక్కన రంగు గోడ ఉంటే కన్ను మోసపోతుందని గోడలన్నిటికీ బూడిదరంగు వేయించాడు మా యజమాని. ఆయన్ని అందరం వెలుగు మాస్టారంటాం. ఈ పనిలో నాకు ఓనమాలు దిద్దించింది ఆయనే. ఇన్ని వారాలుగా ఆయన గురించి 'అన్నారు', 'చేశారు' అని రాస్తూ వచ్చాను. ఈ వారం నుంచి 'అన్నాడు', 'చేశాడు'. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఏడాది క్రితం ఆ బ్రేకు పని నాకు అప్పగించినప్పుడు శిక్షణ పుస్తకం కోసమన్నాడు. ఏ కంపెనీయో చెప్పలేదు, నేను అడగలేదు. "కొత్తది వద్దమ్మా, ఆర్నెల్లు వాడినట్టుండాలి. మచ్చ లేని వస్తువుని కన్ను నమ్మదు" అన్నాడు. ఇక నాకు పూనకమే. బోల్టుల మీద దుమ్ము పైవైపు మాత్రమే పేరుకునేలా చేశాను. లోకంలో ఏ ఇనప అంచూ కత్తిలా ఉండదు కాబట్టి ప్రతి అంచునీ వెంట్రుకవాసి అరగదీశాను. జిడ్డు బొటనవేలి ముద్ర ఒకటి పెట్టాను.

తర్వాత వెలుగు. దీపం నుంచి బయల్దేరే కిరణాలన్నిటి వెంటా పోవడం ఎవరి తరమూ కాదు. అందుకని కంప్యూటరు వెనక్కి నడుస్తుంది. చూసే కంటి దగ్గర మొదలుపెట్టి, బొమ్మలో ఒక్కొక్క చుక్కకీ వేల కిరణాలు పంపి, అవి గోడకి తగిలి, ఇనుముకి తగిలి, ఆఖరికి దీపాన్ని చేరతాయో లేదో చూస్తుంది. మొదట్లో బొమ్మంతా ఇసక చల్లినట్టు ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ ఇసక సర్దుకుని ఇనుము ఇనుములా, జిడ్డు జిడ్డులా తేలుతుంది. ఆ బ్రేకు కోసం మా యంత్రాలు పద్దెనిమిది గంటలు మూలిగాయి. పూర్తయ్యాక చూసుకుని, నా అంత మొనగత్తె ఇంకెవరూ లేరనుకున్నాను.

నేను వెళ్ళేసరికి మాస్టారు ఏదో సెంటు సీసా బొమ్మ ముందు కూర్చుని భోంచేస్తున్నాడు.

"ఏమ్మా, ఇవాళ సెలవన్నావుగా? తిన్నావా?"

లాయరు పెట్టిన ఫోటోని హాల్లోనే నా ఫోన్లో తీసుకుని ఉన్నాను. అది ఆయన భోజనం డబ్బా పక్కన పెట్టాను.

"ఇదేంటి మాస్టారూ?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. మొహం వెలిగింది. "మన బ్రేకు! ఎంత బాగా వచ్చిందో కదా. ఆ వేలిముద్ర చూడు..."

"మెచ్చుకోమని తేలేదు. దీన్ని ఫోటో అని చెప్పి విచారణలో పెట్టారు. దీన్ని చూపించి మా బావని దొంగ అంటున్నారు."

ఆయన చెంచా డబ్బాలో పెట్టేశాడు. "ఆ మెకానిక్కు మీ బావా?"

అంటే ఆ మెకానిక్కు సంగతి ఈయనకి ముందే తెలుసు. ఒళ్ళు మండిపోయింది నాకు.

"నాకేం తెలుసమ్మా" అన్నాడు వెంటనే. "శిక్షణ పుస్తకమన్నారు, చేసిచ్చాం. వాళ్ళు దాన్ని ఎక్కడ అంటించుకుంటే మనకేంటి? ఇది ఫోటో అని మనం ఎక్కడైనా అన్నామా?"

"శిక్షణ పుస్తకంలో బొమ్మకి తనిఖీ చీటీ ఎందుకు? దాని మీద తేదీ ఎందుకు? చీటీ ఒక మూల ఊడి లేచినట్టుండాలని నా పక్కన కూర్చుని మూడుసార్లు మార్పించారే!"

"అలా ఉంటేనే కదా నిజమనిపిస్తుంది."

"ఎవరికి నిజమనిపించాలని?"

పక్కగదిలో యంత్రాల పంకాలు గుయ్యిమంటున్నాయి. చెట్ల ఆయన మెల్లగా చెవులకి పాటలు తగిలించుకుని తెరవైపు తిరిగిపోయాడు. మా ఆఫీసు ధైర్యం ఆ మాత్రమే.

"కొలతల కాగితం మీ చేతిరాతతో ఇచ్చారు నాకు" అన్నాను. "ఎడమ గోడకి పెచ్చు ఊడిందనీ, అది నేల నుంచి మూడడుగుల ఎత్తులో ఉందనీ రాశారు. ఆ పెచ్చు సంగతి మీకెలా తెలుసు?"

"వాళ్ళు చెప్పారు."

"మాస్టారూ, అబద్ధాన్ని నిజంలా చేయడం నాకు మీరే నేర్పారు. నా దగ్గరా?"

ఆయన డబ్బా మూత పెట్టి, గట్టిగా నొక్కి, పక్కకి జరిపాడు. "వెళ్ళాను. ఒక్కసారే. కొలతలు తీసుకోవడానికి."

"అక్కడ బ్రేకు ఉందా?"

"బోల్టు రంధ్రాలు నాలుగు ఉన్నాయి."

"బ్రేకు ఉందా అని అడుగుతున్నాను."

"లేదు."

"అది ఎందుకుండాలో తెలుసా మీకు?"

"నన్ను అక్కడికి తీసుకెళ్ళిన కంపెనీ మనిషి చెప్పాడు. త్వరలో బిగిస్తామన్నాడు."

"మరి దిగేటప్పుడు లిఫ్టులో దిగారా, మెట్ల మీద దిగారా?"

ఆయన సెంటు సీసా బొమ్మవైపు తిరిగాడు.

"మెట్లే దిగారు" అన్నాను.

ఆరంతస్తులూ ఒక్కో మెట్టే దిగి, వీధిలోకొచ్చి, ఇంటికి పోయి హాయిగా నిద్రపోయాడీ మనిషి. ఆ తర్వాత పది నెలలపాటు ఆ లిఫ్టులో జనం ఎక్కుతూనే ఉన్నారు, దిగుతూనే ఉన్నారు. ఆ కుట్టుపనావిడ ఆ రోజు ఎవరివో చొక్కాలు మడతపెట్టి సంచిలో పెట్టుకుని, ఇవ్వడానికి కిందికి బయల్దేరిందట. ఒక్క ఉత్తరం ముక్క రాసుంటే చాలు, పేరు కూడా వేయక్కర్లేదు. రాయలేదు. నా పక్కన కూర్చుని, చీటీ మూల ఇంకాస్త పైకి లేవాలమ్మా అన్నాడు.

"ఒక మనిషి చచ్చిపోయింది మాస్టారూ!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

"అరవకు. నువ్వేమైనా తక్కువ తిన్నావా?" అని ఆయనా గొంతు పెంచాడు. "నీ బొమ్మ అంత బాగా రాకపోతే తనిఖీవాడు నమ్మేవాడా? ఆర్నెల్లు వాడినట్టుండాలంటే ఎందుకని నువ్వు అడిగావా? అడగలేదు. మురిసిపోయావు."

చెంప మీద కొట్టినట్టయింది. ఎందుకంటే ఆ మాట మాత్రం నిజం.

"ఆ బొమ్మ ఫైలివ్వండి. రంగు తీసేసి వట్టి గీతలు చూపిస్తే చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది."

"లేదు. పని అప్పగించాక చెరిపేయాలన్నారు. చెరిపేశాను." తర్వాత మెత్తగా అన్నాడు. "వెళ్ళకమ్మా. నీ మంచికే చెప్తున్నా, ఈ విషయంలో నోరు విప్పకు."

ఆ మాటలో ఇంకా కాస్త ప్రేమ మిగిలుందేమో అనుకున్నాను. వెర్రిదాన్ని.

మెట్ల దారిన బయల్దేరాను. మా మూడో అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య మెట్లు మలుపు తిరిగే చోట రెండు పొడవాటి కిటికీలున్నాయి. ఒకదాని పై అద్దం ఎప్పుడో పగిలితే దాని స్థానంలో చెక్క కొట్టారు. అక్కడ చతికిలబడి ఫోన్లో ఆ బొమ్మ మళ్ళీ చూశాను. చేతిలో సాక్ష్యం లేదు. మరదలి మాట ఎవరు వింటారు? కసికొద్దీ బొమ్మని పెద్దది చేస్తూ పోయాను, ఎక్కడైనా ఒక్క తప్పయినా చేసి ఉండకపోతానా అని. నా పనిలో తప్పు దొరకాలని దేవుడికి మొక్కుకోవడం అదే మొదటిసారి.

దొరికింది. బ్రేకు మీదుండే గుండ్రటి ఇనప మూతలో దొరికింది.

ఇనుము ఊరికే మెరవదు. చుట్టూ ఉన్న లోకాన్ని చూపిస్తేనే మెరుస్తుంది. బొమ్మ చుట్టూ లోకం ఉండదు కాబట్టి మేం ఒక పని చేస్తాం. ఎక్కడో ఒకచోట కెమెరాని మూడుకాళ్ళ స్టాండు మీద పెట్టి, నాలుగు దిక్కులూ, పైనా కిందా ఫోటోలు తీసి, అన్నిటినీ కలిపి బొమ్మ చుట్టూ గోళంలా చుట్టేస్తాం. ఇనుము ఆ గోళాన్ని చూసి మెరుస్తుంది. తీసిన మనిషి గోళంలో పడితే ఆ మనిషిని చెరిపేయాలి. అది మాకు పళ్ళు తోముకోవడమంత అలవాటు. ఆ రోజు నేను బద్ధకించి, కెమెరాని ఈ మలుపులోనే పెట్టాను. కిటికీ వెలుతురులో ఇనుము బాగుంటుందని. గరుకు ఇనుములో నేనెవరికి కనబడతాలే అని నన్ను నేను చెరపనూ లేదు. ఆ తర్వాత మాస్టారు ఆ మూతని ఇంకాస్త నున్నగా చెయ్యమన్నాడు. చేశాను. గోళం సంగతి మర్చిపోయాను.

మూతలో రెండు పొడవాటి కిటికీలు వంగి కనిపిస్తున్నాయి. ఒకదాని పైభాగంలో చెక్క. వాటి మధ్య చేతులు కట్టుకుని, గోరంత ఎత్తున, నేను.

ఫైలు చెరిపేశాడు సరే, కిటికీలని చెరపలేడుగా! అక్కడే నిలబడి వాటిని ఫోటో తీసుకుని మళ్ళీ పరుగు.

హాలుకి చేరేసరికి మూడు దాటి ఐదు నిమిషాలు. బావ ముందు వరసలో, చొక్కా గొంతుదాకా గుండీలు పెట్టుకుని కూర్చున్నాడు. గోళ్ళ సందుల్లో గ్రీజు ఎంత తోమినా పోదు, అందుకని చేతులు మోకాళ్ళ కింద దాచుకున్నాడు. ఎప్పుడు కనిపించినా "ఏమ్మా బొమ్మలమ్మా, ఇవాళ ఎవరిని బుట్టలో వేశావ్?" అనే మనిషి నావైపు తలెత్తలేదు. అక్క తెచ్చిన భోజనం విప్పకుండానే పక్కనుంది.

నేను చెయ్యెత్తి లేచాను. "ఆ ఫోటో గురించి చెప్పాలండి."

"ఈవిడ మెకానిక్కుగారి మరదలు" అన్నాడు కంపెనీ లాయరు నవ్వుతూ. "కాసేపాగితే వాళ్ళ పక్కింటివాళ్ళు కూడా వస్తారు."

"కూర్చోండి లాయరుగారూ" అంది అధికారిణి. "చెప్పమ్మా."

నేను చెప్పాల్సిన మొదటి మాట బావ ముందు చెప్పాలి. నా మొదటి కంప్యూటరు ఆయన కట్టిందే. ఎవరెవరో పారేసిన భాగాలు ఏరుకొచ్చి, అన్నం బల్ల మీద పరుచుకుని, గడ్డం గీసుకునే బ్రష్షుతో దుమ్ము దులిపి బిగించాడు. మా మరదలు చేసే బొమ్మకీ ఫోటోకీ తేడా చెప్పండి చూద్దాం అని లిఫ్టెక్కినవాళ్ళందరినీ విసిగించేవాడట.

"అది ఫోటో కాదండి. కంప్యూటర్లో చేసిన బొమ్మ. నేనే చేశాను."

బావ తలెత్తాడు. ఆ మొహంలో కోపం లేదు. ఏదో లెక్క సరిపోక మళ్ళీ మొదటి నుంచి కూడుకుంటున్నవాడిలా చూశాడు. అది చూడలేక నేను గబగబా మూత గురించీ, గోళం గురించీ, కిటికీల గురించీ చెప్పేశాను. అధికారిణి భూతద్దం తెప్పించి, పటం దగ్గరికి వెళ్ళి, చాలాసేపు వంగి చూసింది. నా ఫోన్లో ఫోటో అడిగి తీసుకుని పక్కన పెట్టుకుని చూసింది.

తర్వాత ఆ భవనం వాచ్‌మన్‌ని లేపి అడిగింది. "మోటారు గదికి కిటికీలున్నాయా?"

"కిటికీలా? పిల్లి దూరే సందు కూడా లేదండీ. తలుపు తీస్తేనే వెలుతురు."

హాల్లో ఒక్కసారి నవ్వులు, గుసగుసలు. ఉదయం బావని దొంగని చూసినట్టు చూసిన కళ్ళు ఇప్పుడు కంపెనీవాళ్ళవైపు తిరిగాయి. ఎంత తేలిగ్గా తిరుగుతాయో కళ్ళు! అక్క నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

లాయరు మాత్రం కంగారు పడలేదు. పక్కనున్నవాడితో ఏదో అని, తీరిగ్గా లేచాడు.

"చాలా సంతోషమండి. అయితే ఫైల్లో ఆ ఫోటో వెనక ఒక కాగితం ఉంది. అది కూడా చదవాలని మనవి."

అధికారిణి కూర్చుని కాగితం తిప్పింది. పైకే చదివింది. "'పై తేదీన నేను స్వయంగా మోటారు గదికి వెళ్ళి, రెండో బ్రేకు బిగించి ఉండగా ఈ ఫోటో తీశానని ధ్రువీకరిస్తున్నాను.'" కాగితం నావైపు తిప్పింది. "ఈ సంతకం మీదేనా?"

నాదే.

బొమ్మ పూర్తయిన రోజు మాస్టారు మూడు కాగితాలు నా ముందు పెట్టాడు. అప్పగింత కాగితాలమ్మా, ఇక్కడోటి, ఇక్కడోటి అని వేలు పెట్టి చూపించాడు. తెర మీద ఆఖరి ఇసక సర్దుకుంటుంటే నా కళ్ళు అక్కడే ఉన్నాయి. చూడకుండానే మూడూ గీకేశాను. బోల్టు మీద దుమ్ము ఏ వైపు పడుతుందో వారం రోజులు ఆలోచించినదాన్ని, నాలుగు లైన్లు చదవలేదు. నీ మంచికే చెప్తున్నానని ఆయన అన్నది ఇందుకన్నమాట. ప్రేమా లేదు, పాడూ లేదు. ఏడాది క్రితమే నా మెడకి ఉరి అల్లి అటక మీద పెట్టుకున్నాడు.

కాదంటే? కాదంటే నేను బయటపడతాను. కానీ సంతకం మీద అబద్ధమాడే మరదలు కిటికీల గురించి చెప్పింది మాత్రం ఎవరు నమ్ముతారు? బావ మళ్ళీ దొంగే అవుతాడు.

"నాదేనండి" అన్నాను. "కానీ అందులో రాసింది అబద్ధం. చదవకుండా పెట్టాను. ఆ గది నేనెప్పుడూ చూడలేదు."

"చదవకుండా" అంది అధికారిణి. ఆవిడ గొంతులో ఇందాకటి మెత్తదనం పోయింది. "మీ కాగితం చూసే ఆ లిఫ్టు నడపడానికి అనుమతి ఇచ్చారు. దానివల్ల ఒక మనిషి ప్రాణం పోయింది. మీ మీద ఏ కేసు పడుతుందో తెలుసా మీకు?"

తలుపు దగ్గరున్న కానిస్టేబుల్‌కి సైగ చేసింది. అతను కుర్చీల మధ్య నుంచి నావైపు నడిచి వస్తున్నాడు. అక్క నా చెయ్యి వదల్లేదు.

అప్పుడు లేచాడు బావ. దొంగననే ఆ ఒక్క మాట ఆయన్ని రెండు నెలలుగా నిద్రపోనివ్వలేదు. అధికారిణి అడిగినా, వీధిలోవాళ్ళు అడిగినా, పోయినావిడ భర్త గుమ్మంలో నిలబెట్టి అడిగినా, నేను దొంగని కానని ఒకటే మాట చెప్పిన మనిషి. మోకాళ్ళ కింద నుంచి చేతులు తీసి ముందు బల్ల మీద పెట్టాడు.

"ఆ పిల్లని వదిలేయండమ్మా. నన్ను కాపాడాలని ఏదో కట్టుకథ చెబుతోంది" అన్నాడు. "అది ఫోటోనే, తను సంతకం పెట్టిన కాగితంలో ఉన్నది నిజమే. బ్రేకు నేనే విప్పి అమ్ముకున్నాను."

"బావా!" అని నేను అరుస్తూనే ఉన్నాను. అధికారిణి కలం తీసుకుని ఆయన మాటలు రాసుకోవడం మొదలుపెట్టింది.